టీవీతో పెరిగిన తెలుగు తరాలు

తెలుగు పల్లె పిల్లల దగ్గరికి టీవీ మొదట పాఠం చెప్పడానికే వచ్చింది. ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగాన్ని నడిపాయి. దీన్నే పొట్టిగా ‘సైట్’ అంటారు. ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊళ్లలో పెట్టిన సెట్లు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారు చేసినవి. సన్న ఇనుప వలతో అల్లిన పదడుగుల గొడుగు యాంటెన్నా వాటికి జత. పొద్దున బడి వేళ గంటన్నర ప్రసారం నాలుగు భాషల మధ్య పంచుకునేది కాబట్టి, తెలుగు పిల్లల వాటాకు 22 నిమిషాల పైచిలుకు వచ్చేది.

ఆ ఏడాది ఫలితాన్ని పరిశోధకులు కొలిచి చూశారు. టీవీ చూసిన పిల్లల్లో భాష మెరుగైంది, కొత్త సంగతులపై ఆసక్తి పెరిగింది. బడి మానేసేవాళ్లు మాత్రం తగ్గలేదు. పొలం పనికో పశువుల వెంటో పోవలసిన పిల్లవాడిని బడిలో నిలపడం తెర వల్ల అయ్యే పని కాదు మరి.

అమెరికాలో 1969లో మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’ మీద ఇలాంటి పరిశీలనే చాలా ఏళ్ల తర్వాత జరిగింది. ప్రసారం బాగా అందిన ప్రాంతాల పిల్లలు వయసుకు తగ్గ తరగతిలో కొనసాగడం ఎక్కువగా కనిపించిందని ఇద్దరు ఆర్థికవేత్తలు 2015లో తేల్చారు. మంచి కార్యక్రమం పసివయసులో అందితే మేలు జరుగుతుందని చెప్పడానికి ఇది గట్టి ఆధారం.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982లో రంగులు వచ్చాయి. 1983లో ఇన్శాట్-1బి కక్ష్యలోకి చేరాక చిన్న రిలే కేంద్రాలు దేశమంతా విస్తరించాయి. అప్పటి కర్నూలు జిల్లాలో ఉన్న సంజామల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు పల్లెల్లో చాలామంది పిల్లలకు టీవీ అంటే పక్కింటి టీవీయే. బొమ్మ పోయి చుక్కలొస్తే ఒకడు మిద్దెక్కి యాంటెన్నా తిప్పాలి, కిందున్నవాళ్లు ‘వచ్చింది, వచ్చింది’ అని అరవాలి. ఒక ఇంటి సెట్టు ముందు వీధంతా కూర్చున్న కాలమది. ఆ తరాన్ని మలచడంలో కార్యక్రమాలకు ఎంత పాత్ర ఉందో, పదిమందితో కలిసి చూసిన ఆ అలవాటుకూ అంతే ఉంది.

1987 జనవరిలో ‘రామాయణ్’, 1988 అక్టోబరులో ‘మహాభారత్’ మొదలయ్యాయి. రెండూ హిందీవే. అయినా రాయలసీమ పిల్లలకు కథ కొత్త కాదు. తోలుబొమ్మలాటలు, హరికథలు, పెద్దవాళ్ల మాటలు దాన్ని ముందే చెప్పి ఉంచాయి. తెలిసిన కథను తెలియని భాషలో చూస్తూనే చాలామందికి హిందీ చెవికి అలవాటైంది. ఆటలోకి చీపురు పుల్లల బాణాలు వచ్చాయి.

1997లో వచ్చిన సూపర్‌హీరో సీరియల్ ‘శక్తిమాన్’ సంగతి వేరు. ఆ కథను ముందుగా చెప్పి, ఏది నిజమో ఏది కల్పనో విడమరిచే పెద్దలు ఇంట్లో లేరు. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని కొందరు పిల్లలు ప్రాణాపాయం తెచ్చుకున్నారని పత్రికల్లో వార్తలొచ్చాయి. ఆ పాత్రధారి ముకేశ్ ఖన్నా తెరమీదే పిల్లలకు జాగ్రత్తలు చెప్పాల్సి వచ్చింది.

1995లో జెమినీ, ఈటీవీ రావడంతో ఇల్లంతా తెలుగుతో నిండింది. ఆ కాలపు కార్యక్రమాల్లో ‘పాడుతా తీయగా’ది ప్రత్యేక స్థానం. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వ్యాఖ్యాతగా మొదలైన ఈ పోటీ నుంచి ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ వంటి గాయకులు సినిమా పాటకు చేరారు. తప్పు పాడినవాళ్లను నొప్పించకుండా, ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో పాడి వినిపించిన బాలు పద్ధతి చూసేవాళ్లకూ పాఠమే. తనలాంటి పిల్ల తెలుగులో పాడి గెలవడం చూశాక ‘నేనూ పాడొచ్చు’ అనే ధైర్యం ఎన్నో ఇళ్లలో పుట్టింది.

తర్వాత పిల్లల కోసమే ఛానెళ్లు వచ్చాయి. తెలుగులో 2009లో సన్ నెట్‌వర్క్ ‘ఖుషి టీవీ’ని ప్రారంభించింది. దానికి ముందే, 2008లో, ‘ఛోటా భీమ్’ పోగో ఛానెల్లో అడుగుపెట్టాడు. అతన్ని తయారు చేసింది హైదరాబాద్‌లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ. దేశమంతా మెచ్చిన ఈ బాలవీరుడు తెలుగు నగరంలో పుట్టాడు, కానీ అతని ఊరు ఢోలక్‌పూర్, తినే తిండి లడ్డూ. అందులో తప్పేమీ లేదు. అయితే తమ ఊరిలాంటి ఊరు, తమ సంగటి, తమ మాట బొమ్మల కథలో కనిపించని లోటు మన పిల్లలకు మిగిలే ఉంది.

2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు చెప్పించింది. అప్పటికే చాలా ఇళ్లలో పిల్లల చూపు టీవీ నుంచి ఫోన్‌కు మళ్లింది. వీధి కలిసి చూసిన తెర ఇప్పుడు ఒక్కరి చేతిలోకి చేరింది. పక్కన కూర్చుని అర్థం చెప్పే పెద్దలు కరువయ్యారు.

2021లో ‘ఈటీవీ బాల భారత్’ 12 భాషల్లో మొదలైంది, అందులో తెలుగూ ఉంది. అవకాశానికి కొదవ లేదు. కావలసింది కుందూ నది ఒడ్డు పిల్లల మాటలో, వాళ్ల ఆటల్లో, వాళ్ల శనగ చేలలో నడిచే కథ. పిల్లల కోసం రాసేవాళ్లు, తీసేవాళ్లు ఆ పనికి పూనుకోవాలి. ఇంట్లో పెద్దలు రోజుకు ఒక్క కార్యక్రమమైనా పిల్లల పక్కన కూర్చుని చూడాలి.