కొయ్యూరులో పడవ మోటారు

కొయ్యూరు అనగానే ఎవరికైనా అల్లూరి సీతారామరాజు గుర్తొస్తాడు. 1924 మే నెలలో ఆ మన్యం వీరుడు నేలకొరిగింది అక్కడే. నాకు మాత్రం ఆయనతో పాటు మా మావయ్యా, మావయ్యతో పాటు ఒక పడవ మోటారూ గుర్తొస్తాయి. కొండలూ వాగులూ తప్ప సముద్రమన్నది లేని ఊళ్ళో పడవ మోటారేమిటంటారా? మా అత్తయ్యా అదే అడిగేది.

మావయ్య బడిపంతులు. రిటైరయ్యాక విశాఖపట్నంలో ఓ పాత ఇనుము కొట్లో దాన్ని చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చారు. పడవ వెనక చెక్కకి బయటనుంచి బిగించే రకం. పేరు చెరిగిపోయింది. టాంకు మూత మీద మాత్రం పదహారు వంతుల పెట్రోలుకి ఒక వంతు నూనె కలపమని ఇంకా కనబడుతోంది. నెలరోజులు దాన్ని తోమి తుడిచి, పూడిమడకలో ఉన్న పాత శిష్యుడి పడవకి బిగించి వచ్చారు. వారానికే కబురొచ్చింది: "మేష్టారూ, మోటారు మంచిదే గానీ ఒట్టి తాగుబోతు!"

నేను సంక్రాంతికి వెళ్ళేసరికి ఇంట్లో ఇదే గొడవ. మావయ్య చెబుతోంటే వింటూ కూర్చున్నాను.

ఈ మోటార్ల చరిత్రలో ఓ ముచ్చటైన కథ ఉంది. ఓలె ఎవిన్‌రూడ్ నార్వేలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్ళినవాడు. 1906 ప్రాంతంలో ఒక ఎండాకాలం సరస్సు ఒడ్డున వనభోజనాలకి వెళితే, ఆయన మనసిచ్చిన బెస్ అనే అమ్మాయి ఐస్‌క్రీం అడిగిందట. పడవ వేసుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళి, తెడ్లు వేసుకుంటూ తిరిగొచ్చేసరికి ఐస్‌క్రీం కాస్తా పాయసమైంది. ఆ కసితోనే 1909 నాటికి మోటారు తయారుచేశాడని చెప్పుకుంటారు. అది ఒకటిన్నర హార్స్‌పవరు, బరువు 62 పౌన్లు. అంతకు ముందే ఇలాంటివి చేసినవాళ్ళున్నారు గానీ, జనంలోకి పోయింది ఇదే. ఎందుకో తెలుసా? ఉత్తరాలూ లెక్కలూ ప్రకటనలూ అన్నీ బెస్ చూసుకుంది కనక! ఆవిడ ఆరోగ్యం చెడితే కంపెనీ వాటా అమ్మేసుకున్నారు. మళ్ళీ 1921లో అల్యూమినియంతో తేలికైన మోటారు చేస్తే, దానికి "ఎల్టో" అని పేరు పెట్టిందీ ఆవిడే. ఐస్‌క్రీం అడిగిన సంగతి అందరికీ గుర్తుంది, లెక్కలు రాసిన సంగతే ఎవరికీ గుర్తులేదు!

సరే, తాగుబోతు సంగతి. పాత టూ స్ట్రోకు ఇంజన్లన్నిటికీ పుట్టుకతో ఒక జబ్బుంది. పెళ్ళి భోజనాల్లో మొదటి పంక్తి లేవకుండానే రెండో పంక్తి వాళ్ళు తోసుకొస్తారు చూడండి, అలాగ కాలిన పొగ బయటికి పోతుండగానే కొత్త పెట్రోలు లోపలికొస్తుంది. ఆ తోపులాటలో నాలుగో వంతు దాకా కాలకుండానే బయటికి పోతుంది. ఆ జబ్బుకి మందు లేదు. పథ్యం మాత్రం ఉంది.

నూనె తగ్గిస్తే సరి అన్నాడు పక్కింటి కుర్రాడు. కొత్త మోటార్లలో యాభై వంతులకి ఒక వంతు చాలు మరి. మావయ్య ఒప్పుకోలేదు. "దాని కీళ్ళు వేరు, దీని కీళ్ళు వేరురా. ఇందులో తగ్గిస్తే పిస్టను పట్టేస్తుంది. పది రూపాయల నూనె మిగిల్చి ఇంజను పారేసుకుంటామా?" అన్నారు.

మర్నాడు అందరం పూడిమడక వెళ్ళాం. మావయ్య ప్లగ్గు శుభ్రం చేశారు. పెట్రోలు కొలిచి వదిలే కార్బురేటరు సూదిని కాస్త కాస్త తిప్పి సరిచేశారు. మరీ బిగిస్తే ఇంజను వేడెక్కిపోతుందిట. వంగిన పంకా రెక్క చక్కదిద్దించారు. శిష్యుడు పడవ అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకేశాడు. తర్వాత పరీక్ష.

లంగరేసిన ఒక పెద్ద పడవదాకా వెళ్ళి రావాలి. పూర్తి వేగంతో పన్నెండు నిమిషాలు పట్టింది, 600 మిల్లీలీటర్లు ఖర్చయింది. వేగం తగ్గించి నడిపితే పదిహేను నిమిషాలు, 420. మూడు నిమిషాలకి అంత తేడా!

దీని రహస్యం 1870లలోనే విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషాయన చిన్న చిన్న నమూనా ఓడల్ని తొట్టెలో లాగి చూసి తేల్చాడు. ముందుకెళ్ళే పడవ తన అలని తానే పుట్టించుకుంటుంది. ఒక వేగం దాటాక ఆ అలనే ఎక్కలేక ఆయాసపడుతుంది. నీటిమట్టం దగ్గర 20 అడుగుల పొడవున్న మామూలు పడవకి ఆ హద్దు గంటకి సుమారు 11 కిలోమీటర్లు. మరుగుతున్న ఎసరు కింద మంట పెంచితే అన్నం బేగి ఉడుకుతుందా? గ్యాసే అయిపోతుంది. ఇది మనకి ఎవరూ తొట్టెలో పరీక్షించి చెప్పక్కర్లేదు.

1973లో, మళ్ళీ 1979లో చమురు ధరలు మండిపోయాక ప్రపంచానికి ఈ సంగతి గుర్తొచ్చింది. మద్రాసు కేంద్రంగా చిన్న జాలర్ల కోసం పనిచేసిన బంగాళాఖాత పథకం 1986లో చిన్న పడవల ఇంధన ఖర్చు తగ్గించడం మీద ఓ పుస్తకమే వేసింది. రాసిన గుల్‌బ్రాండ్‌సెన్ కూడా నార్వే వాడే. వేగం కాస్త తగ్గించుకోవడం అందులో ముఖ్యమైన సలహా.

ఇదంతా విని శిష్యుడు తల గోక్కున్నాడు. "మేష్టారూ, ముందొచ్చిన పడవకే పాటలో మంచి ధర. నెమ్మదిగా వస్తే మా సేపలెవులు కొంతారు?"

మావయ్య దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. తట్ట పట్టుకుని నిలబడ్డ అతని భార్య అంది: "వచ్చీటప్పుడు బేరముంటాది, సరే. వలెయ్యడానికి ఎల్లీటప్పుడు ఎవులతోటి పందెం? అప్పుడు నెమ్మదిగా ఎల్లొచ్చు గదా!"

అందరం ఆమె మొహంకేసి చూశాం. చేపలమ్మేది ఆమె, పెట్రోలు డబ్బాకి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేది ఆమె. ఫ్రూడుకి తెలిసింది పడవ లెక్క. ఈమెకి పడవా తెలుసు, పాటా తెలుసు.

ఆ ఏడు వేసవిలో ఆమె ఓ తట్ట ఎండు చేపలు కొయ్యూరు పంపింది. మిగిలిన పెట్రోలు డబ్బుతో పిల్లకి సైకిలు కొన్నామని కబురు కూడా. మావయ్య మురిసిపోయారు. అత్తయ్య మాత్రం చేపల తట్ట అందుకుంటూ అంది కదా: "ఊళ్ళో వాళ్ళకి చెప్పిన బుద్ధి మీ స్కూటరుకి కూడా చెప్పండి. నర్సీపట్నం వెళ్ళేటప్పుడు మీకెవరితో పందెం?"