దవడపంటి పలకలు: మామత్ జాతుల నిర్ధారణ, గోదావరి ఒండ్రులోని ఏనుగు శిలాజం

అనంతపురం పీఠభూమిపై బత్తలపల్లె పరిసరాల్లో కనిపించే నైస్, గ్రానైట్ శిలలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. ఏనుగుల కుటుంబం పుట్టి కోటి ఏళ్లయినా కాలేదు గనుక ఆ రాతిలో దాని జాడ వెతకడం వృథా. అలాంటి శిలాజమేదైనా దొరికితే అది చిత్రావతి, పెన్న నదులు పేర్చిన ఒండ్రు, గులకరాళ్ల పొరల్లోనే దొరకాలి. దక్కనులో ఎక్కడైనా పెద్ద దవడపన్ను బయటపడితే దాన్ని మామత్‌దని అనుకోవడం సులభమే గాని, దక్షిణ భారతంలో ఆ ప్రజాతి సంచరించినట్టు చూపే శిలాజ సాక్ష్యం లేదు. ఆ పన్ను ఏ ఏనుగుదో తేల్చడానికి మామత్ పరిశోధకులు రూపొందించుకున్న కొలతలే ఇక్కడా ఆధారం.

ఏనుగు దవడలో ఒక్కో వైపు, పైనా కిందా, జీవితకాలంలో ఆరు దవడపళ్లు వస్తాయి. వెనుక పుట్టిన పన్ను ముందుకు జరుగుతూ అరిగిన దానిని తోసివేస్తుంది. ఆరోది, అంటే మూడో చర్వణకం, అన్నిటికన్నా పెద్దది; జాతి నిర్ధారణకు ప్రమాణమూ అదే. డెంటీన్ అనే దంతధాతువు చుట్టూ గట్టి పింగాణి పొర కప్పిన నిలువు పలకలు వరుసగా నిలిచి, వాటి మధ్య సందులను సిమెంటు అనే మెత్తని పదార్థం పూడ్చగా ఈ పన్ను తయారవుతుంది. పలకల సంఖ్య, 10 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని పలకలు పడతాయో తెలిపే పలకల సాంద్రత, పింగాణి మందం, వెడల్పుతో పోల్చినప్పుడు పంటి ఎత్తు: కొలవవలసినవి ప్రధానంగా ఇవి.

యూరేషియా మామత్ వంశంలో ఈ కొలతలు కాలంతో పాటు ఒకే దిశగా సాగాయి. దక్షిణ మామత్ మూడో చర్వణకంలో సుమారు 13 పలకలుండగా, స్టెప్పీ మామత్‌లో అవి 19 దాకా, ఊలు మామత్‌లో 24 దాకా పెరిగాయి. పింగాణి పలచబడింది, పన్ను ఎత్తయింది. గరుకైన గడ్డి మేతకు ఎక్కువకాలం నిలిచే పన్ను అవసరం కావడమే ఇందుకు కారణమన్నది విస్తృతంగా అంగీకరించిన వివరణ.

అయితే సంఖ్య ఒక్కదాన్నే నమ్మడం ప్రమాదకరం. నేటి ఆసియా ఏనుగు మూడో చర్వణకంలోనూ 24 వరకు పలకలుంటాయి. అది మామత్‌తో సంబంధం లేకుండా, విడిగా అదే దారిన వచ్చిన మార్పు. ముందు భాగం అరిగిపోయిన పంటిలో అసలు పలకలెన్నో లెక్కకు అందదు. రెండో చర్వణకాన్ని మూడోదిగా పొరబడితే పలకలు తక్కువగా కనిపించి, తర్వాతి కాలపు జాతి ప్రాచీన జాతిగా తోస్తుంది. ఒకే జాతిలో కూడా చిన్న పంటిలో పలకలు దగ్గరగా ఇరుకుకుంటాయి గనుక సాంద్రతను పంటి పరిమాణంతో కలిపి చదవక తప్పదు.

అరుగుదల రూపం ఇక్కడ మరింత మాట్లాడుతుంది. పలక అంచు అరగడం మొదలైనప్పుడు మామత్‌లలో సాధారణంగా ఇరువైపులా పొడవాటి పింగాణి వలయాలు, నడుమ చిన్న వలయం కనిపిస్తాయి. పేలియోలోక్సోడాన్ అనే మరో ప్రజాతిలో నడుమ పొడవాటిది, ఇరుపక్కలా చిన్నవి ఉంటాయి, పింగాణి మడతలూ దట్టంగా ఉంటాయి.

తెలుగువారికి సన్నిహితమైన ఉదాహరణ ఈ రెండో ప్రజాతిదే. నర్మదా లోయ శిలాజాల ఆధారంగా హ్యూ ఫాల్కనర్, ప్రోబీ కాట్లీ 1846లో ఎలిఫాస్ నమాడికస్ అని పేరు పెట్టిన జాతి (నేడు పేలియోలోక్సోడాన్ నమాడికస్) గోదావరి ఒండ్రులోనూ ఉన్నట్టు భారత భూవిజ్ఞాన సర్వేక్షణకు చెందిన జి. ఇ. పిల్‌గ్రిమ్ 1905లో ప్రకటించాడు. నది ఎగువన, నాసిక్ ప్రాంతంలో దొరికిన ఆ శిలాజాన్ని అతను యూరప్ జాతి ఎలిఫాస్ యాంటిక్వస్‌తో కలిపి చూశాడు. ఆ రెండింటి పళ్లు అంతగా పోలి ఉండడమే అవి ఒకే జాతా అన్న చర్చకు మూలం. వాటిని వేరుచేయడంలో తర్వాతి పరిశోధకులు పంటి కన్నా పుర్రెపై, ముఖ్యంగా నుదుటి మీదికి వాలిన అడ్డుగట్టు దృఢత్వంపై, ఎక్కువగా ఆధారపడ్డారు.