సీసా మీది మాట, పరీక్షలో మార్కు



ఇవాళ మన బడుల్లో ఇంగ్లీషు చదువు ఎలా సాగి వచ్చిందో చెప్పాలని వచ్చాను. పదో తరగతితో చదువు ఆపేసి, ఇల్లు చక్కబెట్టుకుంటూ, అప్పుడప్పుడూ రేడియోలో నాలుగు మాటలు చెప్పే నాబోటిదానికి ఈ గొడవ ఎందుకని మీరనుకోవచ్చు. ఎందుకంటే మా ఇంటి అలమరలో ఒక మందుసీసా ఉండేది.

మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. గులాబీ రంగు మందు తెచ్చాం. రాత్రి నిద్రకళ్లతో చెంచాలో పోసి పిల్ల నోటి దగ్గర పెట్టబోతుంటే, మా అత్తగారు చెయ్యి పట్టుకుని, “అది పైపూత మందు కాదుటే అమ్మాయ్?” అన్నారు. సీసా మీద “ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ” అని అచ్చువేసే ఉంది. అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివాను. అర్థం మాత్రం తట్టలేదు. పదో తరగతిలో నాకు ఇంగ్లీషులో 61 మార్కులు వచ్చాయండీ! ఆ మార్కులు దొంగమార్కులు కావు. గైడు చూసి బట్టీపట్టిన జవాబులకు న్యాయంగా వచ్చినవే. ఆ పరీక్ష నా జ్ఞాపకశక్తిని కొలిచింది. నాకు వచ్చిన భాష ఎంతో ఎవరూ కొలవలేదు.

మరి ఏ తరగతి పిల్లకు ఎంత ఇంగ్లీషు రావాలి? వచ్చిందో లేదో ఏ కొలబద్దతో చూడాలి? ఈ ప్రశ్న చరిత్ర ఎక్కడో సీమలో లేదు. చాలావరకు మనం కూరలకూ, బట్టలకూ తిరిగే దారుల్లోనే ఉంది.

బషీర్‌బాగ్‌లో మొదలుపెడదాం. అక్కడి నిజాం కాలేజీ 1887లో వెలిసింది. నిజాం రాజ్యంలోనే ఉన్నా దానికి అనుబంధం మద్రాసు విశ్వవిద్యాలయంతో. కాలేజీ ఇక్కడ, కొలబద్ద అక్కడ అన్నమాట. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. బోధన ఉర్దూలో, ఇంగ్లీషు మాత్రం తప్పనిసరి. అప్పటి తెలుగుపిల్ల అవస్థ ఊహించుకోండి: ఇంట్లో తెలుగు, పై చదువు ఉర్దూలో, ఆ పైన ఇంగ్లీషు.

అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే నారాయణగూడ. 1928లో మాడపాటి హనుమంతరావుగారు తెలుగులో చదువు చెప్పే బాలికల పాఠశాల ఇక్కడే నెలకొల్పారు. తెలుగు మాధ్యమం కావడాన ఇక్కడి పద్ధతిలో దానికి చోటు దొరకలేదు. అందుకని పూనాలో కార్వేగారు స్త్రీల కోసం 1916లో స్థాపించిన విశ్వవిద్యాలయం పరీక్షలకు మన నారాయణగూడ ఆడపిల్లలు కూర్చున్నారు. అక్కడ పాఠాలు మాతృభాషలో, ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగా ఉండేవి. ఇంట్లో భాష వదలకుండానే ఇంగ్లీషు నేర్చుకోవచ్చునని ఆనాడే చూపించిన బడి అది. కాని వాళ్ల చదువుకు విలువ కట్టడానికి పూనా దాకా పోవలసి వచ్చింది చూశారూ!

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మద్రాసు పద్ధతిలో చదివిన పిల్లలూ, హైదరాబాదు పద్ధతిలో చదివిన పిల్లలూ ఒక రాష్ట్రం వారయ్యారు. రెండేళ్లకు, అంటే 1958లో, ఉస్మానియా పక్కనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ తెరిచారు. తొలినాళ్లలో దాన్ని నడిపినవారు కన్నడ కవి వి.కె. గోకాక్ గారు. పిల్లలకు కాదు, ఇంగ్లీషు చెప్పే పంతుళ్లకు చదువు చెప్పే చోటు అది. 2007 నుంచి అదే ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయం.

ఆ రోజుల్లో ‘స్ట్రక్చరల్’ పద్ధతి అనేవారు. వాక్యాల తీరులూ, మాటలూ ఏరి, సులువైనవి ముందు, కష్టమైనవి వెనక, తరగతుల వారీగా పేర్చారు. పంతులుగారు పుస్తకం ఎత్తి పట్టుకుని “దిస్ ఈజ్ ఎ బుక్” అంటే పిల్లలంతా కోరస్‌గా అనేవారు. ఈ పద్ధతిని ఇప్పుడు కొందరు ఎగతాళి చేస్తారు గాని, ఏ ఏడు ఎంత నేర్పాలన్న లెక్క వేసింది అదే. లోపం ఎక్కడంటే, ఏం నేర్పాలో రాశారు. నేర్చుకున్న పిల్ల దానితో ఏం చేయగలగాలో రాయలేదు. పరీక్ష మళ్లీ పాఠంలో ప్రశ్నలకే అంటిపెట్టుకుంది. ఆ తానులోని గుడ్డనే నేను.

మళ్లీ బషీర్‌బాగ్‌కే వద్దాం. లాల్‌బహదూర్ స్టేడియం ఎదురుగా ఎస్.సి.ఇ.ఆర్.టి. ఆఫీసుంది. రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ అంటారు. 1967లో పుట్టింది. 2005లో దేశం మొత్తానికి ఒక పాఠ్యప్రణాళికా చట్రం వచ్చింది. దాని బాటలో ఈ సంస్థ 2011లో మన రాష్ట్ర చట్రాన్ని తయారుచేసింది. అందులోంచి వచ్చిన మాటే ‘విద్యాప్రమాణాలు’. ఇంగ్లీషుకు అవి ఏమిటంటే: విని మాట్లాడగలగడం, చదివి అర్థం చేసుకోవడం, మాటల సంపద, వ్యాకరణం, రాతలో పాటించవలసిన పద్ధతులు, సొంతంగా రాయగలగడం. చూడండి, ఇందులో పాఠం పేరు ఒక్కటీ లేదు. ఐరోపా మండలి కూడా 2001లో ఇదే దారి తొక్కింది. భాష నేర్చేవాడు ఏం చేయగలడన్న దాన్ని బట్టి ఆరు మెట్లు కట్టింది.

2014-15 నుంచి పదో తరగతి పరీక్షనూ మార్చారు. 80 మార్కులు రాతపరీక్షకు, 20 ఏడాది పొడుగునా బడిలో చేసిన పనికి పెట్టారు. పాఠంలో లేని భాగం చదివి జవాబు రాయడం, ఒక ఉత్తరమో సంభాషణో సొంతంగా అల్లడం ముఖ్యమైనాయి. పంతుళ్లు తడబడ్డారు, తల్లులం కంగారుపడ్డాం. కొన్నాళ్లకు ‘సొంత’ జవాబులకూ గైడ్లు వచ్చేశాయి. మన తెలివికి కొదవా!

2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. మా వీధిలో అందరూ సంబరపడ్డారు. నేనూ కాదనను. అయితే అక్కయ్యలూ, మీడియం వేరు, ప్రమాణం వేరు. మీడియం అంటే ఏ గిన్నెలో వండామన్నది. ప్రమాణం అంటే పిల్ల కడుపు నిండిందా అన్నది. ఫీజు కట్టే బడిలో పిల్లకూ, సర్కారు బడిలో పిల్లకూ పుస్తకాలు వేరు కావచ్చు, బల్లలు వేరు కావచ్చు. అయిదో తరగతి పూర్తయ్యేసరికి ఇద్దరికీ రావలసింది ఒకటే అని కాగితం మీద రాసి ఉండడం చిన్న సంగతి కాదు. పేదింటి తల్లి బడికి వెళ్లి, “మా పిల్లకు ఇది రావాలని మీరే రాశారు కదా, ఎందుకు రాలేదు?” అని అడగడానికి అది ఆధారం. ఆ మాట అడిగేవాళ్లు లేకపోతే మాత్రం ప్రమాణాలు అట్టవేసిన పుస్తకంలోనే ఉండిపోతాయి.

అడగడానికి మనకు పెద్ద చదువు అక్కర్లేదు. వారానికోసారి పిల్లకు పాఠ్యపుస్తకంలో లేనిది ఒకటి ఇవ్వండి. సబ్బుపెట్టె మీది రాత, కరెంటు బిల్లు, బస్సు టిక్కెట్టు వెనక ముక్క, ఏదైనా సరే. చదివి, అదేం చెబుతోందో తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే ఇంగ్లీషు వస్తున్నట్టు. గడగడా చదివి తెల్లమొహం వేస్తే, మార్కులెన్ని వచ్చినా, మర్నాడు బడికి వెళ్లి పంతులమ్మగారిని కలవండి. దెబ్బలాడ్డానికి కాదు, కలిసి చూసుకోవడానికి.

మా అమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ఇంట్లో ఏ మందు తెచ్చినా ముందు దాని చేతికే ఇస్తాను. చదివి అర్థం చెబుతుంది. దాని పక్కనే కూర్చుని నేనూ నేర్చుకుంటున్నాను. సిగ్గేమీ లేదు.

సెలవు.