నేలను చదవని ఇంజనీరు: కేసీ కాలువ నుంచి డ్రిప్పు పైపు దాకా



పోయిన వారం మా తుమ్మలపల్లె పిల్లోడొకడు ఫోన్ చేసినాడు. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ర్యాంకు వచ్చింది. "అన్నా, అగ్రికల్చర్ ఇంజనీరింగ్ తీసుకుందామనుకుంటాండా. కాలేజీలో చదువు బాగా చెప్తారా లేదా అనేది చేరకముందే ఎట్లా తెలుసుకోవాల?" అన్నాడు. వాళ్ళ నాయన చీనీతోట మీద వచ్చే డబ్బంతా నాలుగేండ్లు ఆ ఫీజులకే పోతుంది. కాబట్టి ఇది చిన్న ప్రశ్న కాదు.

ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేకపోయినా. "ఎపిసోడ్ చేస్తా, చూడు" అన్నా. ఇదే ఆ ఎపిసోడ్. దీనికి జవాబు కాలేజీ బ్రోచర్‌లో దొరకదు. మన జిల్లా చరిత్రలో దొరుకుతుంది. అందుకే ఒక 160 ఏండ్లు వెనక్కి పోదాం.

మీలో చాలామంది కేసీ కాలువ చూసుంటారు. కర్నూలు-కడప కాలువ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వస్తుంది, సుమారు 300 కిలోమీటర్లు. 1860లలో దీన్ని తవ్వింది ప్రభుత్వం కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే లండన్ కంపెనీ. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద 5 శాతం రాబడికి ప్రభుత్వమే హామీ. గోదావరి మీద ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఆలోచనల మీదే ఈ పథకం నడిచింది. పొలాలకు నీళ్ళు, పైగా పడవల్లో సరుకుల రవాణా. కాగితం మీద బ్రహ్మాండం.

కాలువ వచ్చింది. నీళ్ళొచ్చినాయి. రైతులు తీసుకోలేదు!

మన సీమ రైతు నీళ్ళొద్దన్నాడంటే నమ్మబుద్ధి కాదు కదా. కానీ కారణం ఉంది. కాలువ పారే నేలలో చాలా భాగం నల్లరేగడి. ఆ నేల తేమను పట్టి ఉంచుతుంది. మామూలు వానలున్న ఏడాది జొన్న, పత్తి వానకే పండుతాయి. దాని మీద కాలువ నీళ్ళు పెడితే నేల జవురెక్కుతుంది. పైగా మెట్టను మాగాణి చేయాలంటే నేల చదును చేయాల, గట్లు వేయాల, ఎరువు, ఎద్దులు, కూలీలు కావాల. ఆ పైన నీటి తీరువా. ఇవన్నీ రైతు లెక్కలో ఉన్నాయి, ఇంజనీరు లెక్కలో లేవు. 1876-78 కరువు వచ్చినప్పుడు మాత్రం అదే కాలువ నీళ్ళకు గిరాకీ పెరిగింది. కరువు పోయినాక మళ్ళీ మొదటికే. చివరికి 1882లో ప్రభుత్వమే కంపెనీ నుంచి కాలువను కొనుక్కుంది.

కాలువ కట్టడంలోనూ లోపాలున్నాయి, అది వేరే కథ. మనకు కావాల్సింది ఇది: ఆ ఇంజనీర్లకు నీటి వేగం తెలుసు, వాలు తెలుసు, రాయి తెలుసు. ఆ నేల తెలియదు. వ్యవసాయ ఇంజనీరింగ్ అనే చదువు విడిగా ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

అదే కాలంలో మద్రాసులో ఇంకో పాఠం నడుస్తాండాది. 1865లో గవర్నర్ విలియం డెనిసన్ హయాంలో సైదాపేటలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం పెట్టినారు. ఇంగ్లండు నుంచి ఆవిరి నాగళ్ళు, నూర్పిడి యంత్రాలు, విత్తే యంత్రాలు తెప్పించినారు. వీటిని చూసి మన రైతు నేర్చుకుంటాడని ఆశ. ఆవిరి నాగలిని నడపడానికి బొగ్గు, మెకానిక్కు, పెద్ద పెద్ద మళ్ళు కావాల. మన రైతుకుండేది రెండెద్దులు, మడక, గొర్రు, గుంటక. ఆ క్షేత్రం పక్కనే వ్యవసాయ పాఠశాల నడిచింది, తర్వాత 1906 ప్రాంతంలో ఆ చదువు కోయంబత్తూరుకు మారింది. ఆవిరి నాగళ్ళు మాత్రం మన పల్లెలకు రాలేదు.

1889 చివర్లో ఇంగ్లండు నుంచి వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్త వచ్చినాడు, మన వ్యవసాయాన్ని ఎట్లా బాగుచేయాలో చెప్పమని. దేశమంతా తిరిగి 1893లో రిపోర్టు ఇచ్చినాడు. భారత రైతు సగటు ఇంగ్లండు రైతుకు తీసిపోడని, కొన్నిట్లో మెరుగేనని అందులో తేల్చినాడు. నేర్పడానికి వచ్చినాయన ముందు చూసి నేర్చుకున్నాడు.

అట్లాంటి ఇంకొకాయన ఆల్ఫ్రెడ్ చాటర్టన్. మద్రాసులో ఇంజనీరింగ్ ప్రొఫెసరు. ఈయన ఏకంగా ఆయిల్ ఇంజన్ తెచ్చి బావి మీద పెట్టేయలేదు. కపిలతో రెండెద్దులు ఎన్ని నీళ్ళు తోడతాయి, ఏతంతో మనిషి ఎన్ని తోడతాడు, దానికి ఖర్చెంత అని కొలిచినాడు. బావిలో నీళ్ళు ఎంత ఊరతాయో చూసినాడు. 1912లో 'లిఫ్ట్ ఇరిగేషన్' అనే పుస్తకమే రాసినాడు. ఇంజన్ పంపులు మద్రాస్ రాజధానిలో నిలదొక్కుకోవడం వెనక ఈ కొలతలున్నాయి. కపిల బావుల సీమ వాళ్ళం మనం. మనకు ఈయన పేరు గుర్తుండాల.

ఇప్పుడు డిగ్రీ కథకొద్దాం. వ్యవసాయ ఇంజనీరింగ్ డిగ్రీ మన దేశంలో 1942లో అలహాబాద్ అగ్రికల్చరల్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. మొదలుపెట్టింది మేసన్ వా అనే అమెరికన్. ఆసియాలోనే మొదటిది అంటారు. 1952లో ఐఐటీ ఖరగ్‌పూర్‌లో వచ్చింది. మన వైపు 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చినా, బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టింది 1983లో. ఆ తర్వాత మనకు దగ్గర్లో మడకశిర, తెలంగాణలో సంగారెడ్డి దగ్గర కంది. ఇవి కాకుండా జేఎన్‌టీయూల కింద ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు కూడా ఈ బ్రాంచి నడుపుతున్నాయి.

సిలబస్ చూస్తే బాగానే ఉంటుంది. ట్రాక్టర్లు, యంత్రాలు ఒక పక్క. నేల, నీటి సంరక్షణ ఒక పక్క. సాగునీరు, మురుగునీరు, పంట ప్రాసెసింగ్, సోలార్, బయోగ్యాస్. ఐసీఏఆర్ వాళ్ళు డీన్స్ కమిటీలు వేసి దీన్ని ఎప్పటికప్పుడు మారుస్తుంటారు. ఐదో డీన్స్ కమిటీతో 'స్టూడెంట్ రెడీ' అనే కార్యక్రమం వచ్చింది. పల్లెల్లో, కంపెనీల్లో, ప్రాజెక్టుల్లో చేత్తో పనిచేసి నేర్చుకునే ఏడాది అది.

మరి సమస్య ఎక్కడ? మా ఇంట్లో జరిగింది చెప్తా.

మా ఊరి పేరు చెప్పగానే అందరూ యురేనియం గని గురించే అడుగుతారు. ఈరోజు గని గురించి కాదు, దాని రాయి గురించి. ఆ యురేనియం ఉండేది డోలోస్టోన్ అనే రాతిలో, మన మాటల్లో సున్నపురాయి జాతి. యాసిడ్ పోస్తే ఆ రాయే యాసిడ్‌ను తినేస్తుంది. అందుకే మిల్లులో యాసిడ్ బదులు క్షారం వాడతారు. మా బోరు నీళ్ళూ ఆ జాతి రాళ్ళ మధ్య నుంచే వస్తాయి. అంటే నీళ్ళల్లో సున్నం.

2003లో రాష్ట్రంలో సూక్ష్మ సాగునీటి పథకం వచ్చినాక మా పులివెందుల వైపు చీనీ, అరటి తోటలకు డ్రిప్పు పాకింది. మా నాయన కూడా వేయించినాడు. కొన్నేండ్లకు చివరి వరసల చెట్లు వాడుమొగం పట్టినాయి. అప్పుడే బీటెక్ అగ్రి ఇంజనీరింగ్ ఫైనలియర్ కుర్రాడొకడు మా ఊరికొచ్చినాడు. ఏ కాలేజీ అనేది వదిలేద్దాం. ఫోన్ తీసి మోటారు హార్స్‌పవర్, పైపులో ఒత్తిడి గబగబా లెక్కేసినాడు. లెక్క తప్పు లేదు. మా నాయన అడిగింది ఒకటే: "నాయనా, చివరి చెట్టుకు నీళ్ళెందుకు పోలేదు?"

కుర్రాడు చెప్పలేకపోయినాడు. పదో తరగతి తప్పిన మా పక్కతోట ఆయన వచ్చి, పైపు చివరి మూత విప్పి నీళ్ళొదిలినాడు. తెల్లగా పొక్కులు పొక్కులుగా సున్నం రాలింది. "యాసిడ్ పెట్టి కడగాల" అన్నాడు, అంతే.

ఆ కుర్రాడు సాయంత్రం నాతో అన్నమాట ఇప్పటికీ మర్చిపోలేదు. "ఇది మా సిలబస్‌లో ఉంది అన్నా. పరీక్షలో వచ్చింది, రాసినా, మార్కులొచ్చినాయి. కానీ పైపు మూత ఎప్పుడూ విప్పలేదు."

పాఠ్యప్రణాళిక వేరే, బోధన వేరే అనేది నాకు ఆ రోజు తెలిసొచ్చింది. కుర్రాడి తప్పేం లేదు, తెలివైనోడు. పొలం ఆయన్ను ఎప్పుడూ పరీక్ష పెట్టలేదు.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది.

మొదట సిలబస్ పుస్తకంలో ప్రతి సబ్జెక్టు పక్కన బ్రాకెట్ చూడు. 3 (2+1) అని ఉంటుంది. రెండు క్రెడిట్లు పాఠం, ఒకటి ప్రాక్టికల్. ఒక ప్రాక్టికల్ క్రెడిట్ అంటే వారానికి రెండు గంటల పని. ఆ రెండు గంటలు ఏం చేస్తారో సీనియర్లను అడుగు. రికార్డు చూసి రికార్డు రాస్తే, ఆ "+1" సున్నా కింద లెక్క.

రెండోది, గుర్తింపు ఉందా చూడు. ఐసీఏఆర్ కింద అక్రెడిటేషన్ బోర్డు ఉంది. కాలేజీ తన గురించి తాను నివేదిక ఇస్తే, నిపుణుల బృందం వచ్చి చూస్తుంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీకైతే ఎన్‌బీఏ. అది కావాల్సిందే, కానీ అక్కడితో ఆగొద్దు. వర్క్‌షాప్‌లోకి పో. ట్రాక్టర్ ఇంజను విప్పి ఉందా, లేక రంగేసి అద్దాల వెనక నిలబెట్టినారా? విప్పి, గ్రీజు అంటుకుని ఉంటే మంచి గుర్తు.

మూడోది, పల్లెకు పంపే నెలల గురించి అడుగు. యాడికి పంపినారు? అక్కడ రైతు చెప్పిన సమస్య మళ్ళీ క్లాసులోకి వచ్చిందా? రైతు నుంచి కాలేజీకి ఆ దారి లేకపోతే, సైదాపేట ఆవిరి నాగలి కథే మళ్ళీ.

ఇంకొకటి. ఏ సీనియర్‌నైనా ఇది అడుగు: "ఒక గ్లాసు, ఒక వాచీ ఇస్తే డ్రిప్పు సరిగ్గా పనిచేస్తాందో లేదో చెప్తావా?" మొదటి చెట్టు దగ్గర, మధ్యలో, చివర ఒకే టైములో ఎన్ని నీళ్ళు పడ్డాయో పట్టి పోల్చాల. అంతే పరీక్ష. చేసి చూపిస్తే అక్కడ చదువు చెప్తున్నారని అర్థం. నోట్స్ తీస్తే ఇంకో కాలేజీ చూసుకో.

కేసీ కాలువ ఇంజనీర్లకు పొలం వేసిన మార్కులు 1882లో వచ్చినాయి, కాలువ కట్టి పదేండ్లు దాటినాక. నీకు ఆ మార్కులు నాలుగేండ్లలోపే రావాల, మీ నాయన డబ్బు అయిపోకముందే.

మీ కాలేజీలో ఆ "+1" గంటలు ఎట్లా గడుస్తాయో కింద రాయండి. మళ్ళీ కలుద్దాం.