కత్తికి కళ్ళొచ్చిన కథ

మొన్నామధ్య మా బాబాయికి ప్రోస్టేట్ క్యాన్సరని తేలింది. "ఎలాగూ కోసి తీసేస్తారుగా, మళ్ళీ ఈ స్కాన్లెందుకురా, డబ్బు దండగ!" అన్నాడు ఫోన్లో. నేను డాక్టర్ని కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. సమాధానం తెలీక చరిత్ర తవ్వడం మొదలెట్టా. తవ్వాక అర్థమైందేంటంటే, ఈ ఆపరేషన్ చరిత్రలో ఎక్కువ భాగం చీకట్లోనే నడిచింది.

1904లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో హ్యూ యంగ్ అనే సర్జన్ క్యాన్సర్ ఉన్న ప్రోస్టేట్‌ని మొత్తంగా తీసేశాడు. గడ్డ ఎంత పాకిందో ముందే తెలుసుకోడానికి ఆయనకున్న ముఖ్య సాధనం చేతివేలు! ఆ తర్వాత దశాబ్దాలపాటు ఈ ఆపరేషనంటే దాంపత్య జీవితం మీద ఆశ వదులుకోవడమే. చాలామందికి మూత్రం మీద అదుపూ పోయేది.

1981లో పాట్రిక్ వాల్ష్, నెదర్లాండ్స్‌కి చెందిన డోంకర్ కలిసి, అంగస్తంభనకి కావలసిన నరాలు ఈ గ్రంథికి బయట, దాన్ని ఆనుకుని ఉన్నాయని గుర్తించారు. 1982లో వాల్ష్ వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేశాడు. దాంతో కొత్త చిక్కొచ్చింది. గడ్డ అటువైపు గ్రంథి దాటి బయటికొచ్చేసి ఉంటే? నరాన్ని మిగిల్చితే దాంతోపాటు క్యాన్సరూ మిగలొచ్చు. ఇది కోశాక కాదు, కోసేముందే తెలియాలి.

1989లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు అల్ట్రాసౌండ్ చూస్తూ ఆరుచోట్ల సూది గుచ్చే పద్ధతి చెప్పారు. గ్రంథి కనబడేది గానీ గడ్డ చాలాసార్లు కనబడేది కాదు. మన భాషలో చెప్పాలంటే, పెద్ద అప్లికేషన్లో ఆరు ఫంక్షన్లు మాత్రం టెస్ట్ చేసినట్టన్నమాట.

తర్వాత ఎమ్మారై వచ్చింది. కణాలు కిక్కిరిసిన చోట నీటి అణువులు స్వేచ్ఛగా కదల్లేవు, ఆ తేడాని అది పట్టుకుంటుంది. 2017లో వచ్చిన ప్రామిస్ అధ్యయనంలో 576 మందిని చూస్తే, ప్రమాదకరమైన క్యాన్సర్లలో ఎమ్మారై 93 శాతాన్ని పట్టింది, పాత పద్ధతి బయాప్సీ 48 శాతాన్నే. అలాగని ఎమ్మారైని గుడ్డిగా నమ్మక్కర్లేదు, దాని తప్పుడు అలారాలూ ఎక్కువే. అందుకే సూది పూర్తిగా పోలేదు. కాకపోతే ఎక్కడ గుచ్చాలో తెలిసింది.

2020లో ఆస్ట్రేలియాలో ఇంకో అడుగు. క్యాన్సర్ పాకే అవకాశం ఎక్కువున్న 302 మందికి చికిత్సకి ముందే పీఎస్ఎమ్ఏ పెట్ స్కాన్ చేసి పోల్చారు. పాకిందో లేదో చెప్పడంలో దాని కచ్చితత్వం 92 శాతం, మామూలు సీటీ, ఎముకల స్కాన్ కలిపితే 65 శాతం. ఎముకల దాకా వెళ్ళిపోయిందని తెలిస్తే అసలు ప్లానే మారిపోవచ్చు.

ఇదంతా బాబాయికి చెప్పా. కాసేపు మాట్లాడలేదు. "అయితే చూశాక కోత వద్దని కూడా అనొచ్చా?"

"అనొచ్చు బాబాయ్. అందుకే ముందు చూడాలి."

"సరే, రాసిన స్కాన్లన్నీ చేయించుకుంటాలే" అన్నాడు. నూట పదహారేళ్ళ కథకి నాకు కావలసిన ముగింపు అదే.