బొకే కింది నుంచి పైకి పోతుందా, పై నుంచి కిందికి వస్తుందా?

ఈరోజు టాపిక్ చిన్నగా అనిపిస్తుంది కానీ జాబ్ చేసే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది: ఆఫీసులో పువ్వులు ఇవ్వడం.

జనవరి 1న ఏదైనా కలెక్టరేట్‌కి వెళ్ళి చూడండి. చేతిలో బొకేలు పట్టుకుని పెద్ద క్యూ. ఈ మధ్య చాలామంది కలెక్టర్లు ముందే చెప్పేస్తున్నారు, బొకేలు వద్దు, నోట్‌బుక్కులో దుప్పట్లో తెండి, పేద పిల్లలకు పనికొస్తాయి అని. మరి ఈ క్యూ ఎక్కడ మొదలైంది? గట్టు, గద్వాల వైపు నుంచి చూస్తే ఈ కథ బాగా అర్థమవుతుంది. ఎందుకంటే మన నడిగడ్డ కృష్ణా, తుంగభద్రల మధ్య ఉంది. ఒకప్పుడు ఒక్క నది దాటితే ప్రభుత్వమే మారిపోయేది, మర్యాదలూ మారిపోయేవి.

ముందు 1443కి వెళ్దాం. పర్షియా నుంచి అబ్దుల్ రజాక్ అనే రాయబారి విజయనగరానికి వచ్చాడు. అప్పుడు రాజు రెండో దేవరాయలు. ఆ ఊరి బజార్లో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారని, ఇక్కడి జనానికి అన్నం ఎంత ముఖ్యమో గులాబీలూ అంతే ముఖ్యమని ఆయన రాసుకున్నాడు. సరే, మరి రాజు ఆయనకి ఏం ఇచ్చాడు? తాంబూలం, కర్పూరం, 500 పణాలు ఉన్న సంచి. ఇక్కడ ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి. పిలిచినవాడు వచ్చినవాడికి ఇచ్చాడు. అంటే మర్యాద పై నుంచి కిందికి వచ్చింది.

ఇప్పుడు నిజాం కాలానికి వద్దాం. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాంకు పేష్కష్ కట్టేవి. దర్బారుకి వెళ్ళేవాళ్ళు నజర్ పెట్టాలి. చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దగ్గర నజర్ అంటే ఒక బంగారు అష్రఫీ, నాలుగు వెండి రూపాయలు. ఇది కింది నుంచి పైకి పోయేది. అదే దర్బార్లలో అత్తర్-పాన్ అని ఇంకో మర్యాద ఉండేది. అతిథి వెళ్ళేటప్పుడు అత్తరు, తాంబూలం ఇచ్చి పంపేవాళ్ళు. ఇది మాత్రం పై నుంచి కిందికి.

తుంగభద్ర దాటితే కర్నూలు. 1839లో నవాబును ఓడించి కంపెనీ దాన్ని కలిపేసుకుంది, అది మద్రాసు ప్రెసిడెన్సీలోకి పోయింది. అక్కడ దొరను కలవడానికి వెళ్తే చేతిలో నిమ్మకాయ, పూలదండ ఉండాలి. ఉత్తరాదిలో అయితే డాలీ అనేవాళ్ళు, అంటే పళ్ళు, పూలు పెట్టిన బుట్ట. క్రిస్మస్‌కి, న్యూ ఇయర్‌కి దొర బంగళాకి పంపేవాళ్ళు. మన జనవరి 1 క్యూకి మూలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

బంగారం కాకుండా పువ్వే ఎందుకు? దీని వెనక పెద్ద గొడవ ఉంది. 1757 ప్లాసీ యుద్ధం తర్వాత క్లైవ్ లాంటివాళ్ళు కానుకల పేరుతో కోట్లు సంపాదించారు. దాంతో 1773 రెగ్యులేటింగ్ యాక్ట్‌లో కంపెనీ ఉద్యోగులు ఇక్కడివాళ్ళ దగ్గర కానుకలు తీసుకోకూడదని పెట్టారు. వారెన్ హేస్టింగ్స్ మీద 1788 నుంచి 1795 దాకా జరిగిన విచారణలో కానుకల ఆరోపణ కూడా ఉంది, చివరికి నిర్దోషి అని వదిలేశారు. తర్వాత వచ్చిన ఉద్యోగుల రూల్స్‌లో పువ్వులు, పళ్ళలాంటి చిన్న వస్తువులకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. లాజిక్ సింపుల్. పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. దాచుకోలేం, అమ్ముకోలేం. కాబట్టి లంచం కాదు.

కానీ మనవాళ్ళు తెలివైనోళ్ళు కదా! డాలీ బుట్టలో పైన పూలు, కింద సీసాలు, ఇంకా ఖరీదైన వస్తువులు చేరాయి. అందుకే అదే రూల్స్‌లో, ఇలాంటివి తేవొద్దని అధికారులే జనాన్ని ఆపాలని కూడా రాయాల్సి వచ్చింది. 2017లో కేంద్ర హోం శాఖ కూడా ఇలాంటి మాటే రాష్ట్రాలకు చెప్పింది: ప్రధాని టూర్‌కి వస్తే బొకే వద్దు, ఇవ్వాలంటే ఒక్క పువ్వు, దాంతో ఖాదీ రుమాలో పుస్తకమో చాలు అని.

ఇప్పుడు నా అనుభవం. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒకసారి క్లయింట్లు వచ్చారు. పెద్ద పెద్ద బొకేలు తెప్పించారు. వాళ్ళు ఫోటో దిగి టేబుల్ మీదే వదిలేసి పోయారు. సాయంత్రం హౌస్‌కీపింగ్ అక్క వాటిలోంచి రెండు గులాబీలు తీసి జడలో పెట్టుకుంది, మిగతావి చెత్తబుట్టలోకి. అన్ని పూలలో పనికొచ్చినవి ఆ రెండే. అవి కూడా ఆమెకి ఎవరూ ఇవ్వలేదు, ఆమే తీసుకుంది.

కాబట్టి పువ్వు ఇస్తే పని సంబంధాలు బలపడతాయా అంటే, బలపడతాయి. కానీ రెండు చూడాలి. ఒకటి, ఎప్పుడు ఇస్తున్నాం? పని కాకముందు ఇస్తే అడగడం, పని అయ్యాక ఇస్తే థ్యాంక్స్ చెప్పడం. రెండోది, ఎటు పోతుంది? బాస్‌కి వంద బొకేలు వస్తే అందులో మీది ఏదో ఆయనకి గుర్తుండదు. అదే బాస్ టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లకి ఒక్క పువ్వు ఇస్తే ఆమె ఏళ్ళ తరబడి మర్చిపోదు.

చివరిగా మన గట్టు మాట. ఇక్కడ పువ్వు అంటే పత్తి పువ్వు. సీడ్ పత్తి చేలల్లో ఒక్కో పువ్వునీ చేత్తో పట్టుకుని క్రాసింగ్ చేస్తారు. సాయంత్రం మొగ్గ విప్పి సిద్ధం చేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి అంటించాలి. కంపెనీ, ఆర్గనైజర్, రైతు, వీళ్ళ బిజినెస్ అంతా ఆ కూలీల వేళ్ళ మీదే నడుస్తుంది. సీజన్‌లో రోజూ అన్ని పువ్వులు ముట్టుకునే ఆ చేతికి, పని అయ్యాక ఎవరైనా ఒక్క పువ్వు ఇచ్చారా?

మీ దగ్గర ఎవరైనా ఇచ్చి ఉంటే కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.