హైడ్రోజన్ విమానాల నిర్వహణ శిక్షణ

హైడ్రోజన్ విమానాల నిర్వహణ శిక్షణ అనగా హైడ్రోజన్ (ఉదజని) ఇంధనంగా గల విమానాలలో ఇంధనం నింపుటకు, వాటిని తనిఖీ చేయుటకు, మరమ్మతు చేయుటకు వైమానిక విద్యార్థులను సిద్ధపరచుట. ఇటువంటి విమానాలు ఇంకా ప్రయాణికుల సేవలోకి రాలేదు. అందువలన ఈ శిక్షణ కూడా రూపుదిద్దుకుంటున్న దశలోనే ఉన్నది.

నేపథ్యం

1957లో అమెరికాలో నాసాకు పూర్వసంస్థ అయిన నాకా, బి-57 విమానపు రెండు ఇంజన్లలో ఒకదానిని గాలిలో ఉండగా హైడ్రోజన్‌తో నడిపినది. 1988 ఏప్రిల్ 15న సోవియట్ యూనియన్‌లో టుపోలెవ్ టీయూ-155 ఎగిరినది. దాని మూడు ఇంజన్లలో ఒకటి ద్రవ హైడ్రోజన్‌తో పనిచేసినది. 2023 జనవరిలో జీరోఏవియా సంస్థ బ్రిటన్‌లో ఒక డోర్నియర్ 228 విమానాన్ని, ఒక వైపు హైడ్రోజన్ ఇంధన ఘటాలతో నడిచే విద్యుత్ మోటారు అమర్చి, పరీక్షించినది.

కిలో హైడ్రోజన్ సుమారు 120 మెగాజౌళ్ళ శక్తినిస్తుంది. కిలో విమాన కిరోసిన్ ఇచ్చేది 43 మాత్రమే. అయితే అంతే శక్తికి ద్రవ హైడ్రోజన్ కిరోసిన్ కంటే నాలుగు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. పైగా దానిని -253 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలువ ఉంచవలెను.

మానుకోవలసిన అలవాట్లు

కిరోసిన్‌తో పనిచేసిన మెకానిక్ లీకును వాసనతోనో, మరకతోనో పసిగడతాడు. హైడ్రోజన్‌కు రంగు, వాసన లేవు. వంటగ్యాసులో వలె వాసన ద్రవ్యం కలుపుదామంటే, అంతటి చలిలో అది గడ్డకడుతుంది. ఇంధన ఘటాలను కూడా పాడు చేయగలదు. గాలిలో 4 నుండి 75 శాతం వరకు ఏ పాళ్ళలో ఉన్నా హైడ్రోజన్ అంటుకోగలదు. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. పూర్వం రాకెట్ కేంద్రాలలో సిబ్బంది చీపురును ముందుకు చాచి నడిచేవారు. చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్లు. నేడు ఆ పనికి అతినీలలోహిత, పరారుణ శోధకాలు ఉన్నవి.

పెట్రోలు ఆవిరి నేలపై పరచుకుంటుంది, హైడ్రోజన్ పైకప్పుకు చేరుతుంది. కాబట్టి హ్యాంగరులో గ్యాస్ శోధకాలు, గాలి బయటకు పోయే మార్గాలు పైభాగంలో ఉండవలెను.

అన్నిటికంటే విద్యార్థిని తికమక పెట్టేది నైట్రోజన్ సంగతి. కిరోసిన్ ట్యాంకులో మంట పుట్టకుండా నైట్రోజన్ నింపుట వాడుక. కానీ నైట్రోజన్ -210 డిగ్రీల వద్దనే ఘనీభవిస్తుంది. చల్లబడి ఉన్న హైడ్రోజన్ గొట్టంలోకి దానిని పంపితే గడ్డకట్టి వాల్వులను మూసివేయగలదు. అక్కడ హీలియం వాడవలెను. కవచం లేని గొట్టంపై బయటి గాలి కూడా ద్రవమై కారుతుంది. ఆ చుక్కలలో ఆక్సిజన్ పాలు ఎక్కువ గనుక, అవి నూనె మరకపైనో తారుపైనో పడితే ప్రమాదం.

శిక్షణ వనరులు

ద్రవ హైడ్రోజన్‌తో ఎక్కువ అనుభవం అంతరిక్ష రంగానిదే. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటలో జీఎస్ఎల్‌వీ, ఎల్‌వీఎం3 రాకెట్ల క్రయోజెనిక్ దశలలో దీనిని నింపుతారు. అయితే విమానాశ్రయంలో పరిస్థితి వేరు: రాకెట్‌లో ఇంధనం నింపేటప్పుడు దరిదాపుల్లో మనుషులుండరు, విమానం చుట్టూ సామాను బండ్లు, ప్రయాణికులు ఉంటారు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయపు విద్యార్థి బృందం ఏరోడెల్ఫ్ట్ చిన్న హైడ్రోజన్ విమానం తయారీకి పూనుకున్నది. బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో కూడా ఈ రంగంలో పరిశోధన జరుగుచున్నది.

అనిశ్చితి

ఎయిర్‌బస్ 2035 నాటికి హైడ్రోజన్ విమానాన్ని తెస్తామని 2020లో ప్రకటించి, 2025లో ఆ గడువును వాయిదా వేసినది. 2023లో పరీక్షా విమానాన్ని ఎగురవేసిన యూనివర్సల్ హైడ్రోజన్ సంస్థ 2024లో మూతపడినది. కనుక హైడ్రోజన్ ఒక్కదానినే నమ్ముకొని చదువుట విద్యార్థికి సాహసమే. క్రయోజెనిక్స్, అధిక వోల్టేజి విద్యుత్ వ్యవస్థలు, గ్యాస్ భద్రత మాత్రం ఇతర పరిశ్రమలలోనూ అక్కరకు వస్తాయి.